తిప్పి చూడని లెక్క

జూన్ 3

చిన్నది ఇవాళ పుస్తకం తెచ్చి వంటింటి బల్ల మీద, నేను తరుగుతున్న బెండకాయల పక్కన పడేసింది. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. సంవర్గమానాల సమీకరణాలు తిప్పి రాయడం దానికి తలకెక్కడం లేదట. "లాగ్ లోపల ఇరుక్కుపోయినదాన్ని బయటికి ఎలా లాగాలమ్మా?" అంది. నవ్వొచ్చింది. ఇంచుమించు ఇదే మాట నేనూ ఒకప్పుడు అడిగాను.

చేతులు కడుక్కుని కూర్చున్నాను. ముందు లాగ్‌ని ఒంటరిని చెయ్యి, చుట్టూ మూగినవాటినన్నిటినీ ఒక్కొక్కటిగా అవతలి వైపుకి సాగనంపు, ఒంటరిదయ్యాక అప్పుడు విప్పు అని చెప్పాను. పట్టికలో దొరికే లాగ్ పదితో లెక్కించినది, సూత్రంలో ఉండేది సహజమైనది, అందుకే పట్టికలోంచి బయటికొచ్చేటప్పుడు రెండు పాయింట్ మూడు సున్నా మూడుతో గుణించి చేతులు కడుక్కోవాలన్నాను. ఆఖర్న వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో పెట్టి తిప్పి చూడాలి. సరిపోతే మార్జిన్‌లో "తి.చూ." అని రాసి టిక్కు పెట్టాలి.

కాలిక్యులేటర్ ఉండగా ఈ పట్టికల గోలేమిటని విసుక్కుంటూనే అరగంటలో నాలుగు లెక్కలు చేసేసింది. ఇంత బాగా నీకెవరు నేర్పారమ్మా అని అడిగింది. మొదటి ఉద్యోగంలో మా మాస్టారు అన్నాను. ఇప్పుడాయన ఎక్కడున్నారంది. తెలియదన్నాను.

జూన్ 4

తెలియదనడం పూర్తి అబద్ధం కాదు. ఇప్పుడు ఏం చేస్తున్నారో నిజంగానే తెలియదు.

జూన్ 6

మేనేజరు పిలిచారు. రెండో నంబరు బట్టీని ఈ నెలాఖరున కూల్చేస్తారు. ముప్పై ఒక్క ఏళ్లు వాష్‌బేసిన్లు కాల్చిన బట్టీ. దానితో పని చేసినవాళ్లందరినీ పిలిచి చిన్న సభ పెడతారట, చిన్న పుస్తకం కూడా వేస్తారట. అందులో బట్టీ చరిత్ర రెండు పేజీలు నేను రాయాలి. మొదటి కాల్పు నాడు ఉన్నవాళ్లలో ఇంకా ఉద్యోగంలో ఉన్నది నేనొక్కదాన్నే కదా మేడమ్ అన్నారు.

పాత కాగితాల్లోంచి ఒక పేరా ఇచ్చి దాన్నే కాస్త పెంచితే చాలన్నారు. అందులో ఒక వాక్యం: "అప్పటి ఇంజనీరు లెక్క తప్పడం వల్ల మొదటి కాల్పు సరుకంతా పగిలిపోయింది." ఆ ఇంజనీరు ఉన్నారో లేరో, ఉంటే పిలవొచ్చా, ఇబ్బంది పడతారా అని నన్నే అడిగారు. కనుక్కుంటానని చెప్పి బయటపడ్డాను.

పుస్తకం అచ్చయ్యాక ఆ వాక్యం ఇక చెరగదు. రాసేది నేను.

జూన్ 9

ఆదివారం. ఇల్లంతా పడుకుని ఉంది. రెండు పేజీలు రాద్దామని కూర్చుంటే బట్టీ రావడం లేదు, మాస్టారే వస్తున్నారు.

అప్పుడు నా వయసు ఇరవై రెండు. ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే గదిలో నా బల్ల, ఆయన బల్ల ఎదురెదురుగా ఉండేవి. కిటికీ అవతల తడి మట్టి కలిపే యంత్రం రోజంతా గుడగుడలాడేది. సాయంత్రానికి అందరి భుజాల మీదా తెల్లటి పొడి పేరుకునేది, ఆయన మాత్రం గంటకోసారి దులుపుకునేవారు. గోధుమరంగు అట్ట వేసిన లాగ్ పట్టికల పుస్తకం ఎప్పుడూ ఆయన ఎడమ చేతి కింద ఉండేది. అట్ట మీద ఆయన పేరు లేదు, "తిప్పి చూడు" అని ఉంది. దాంతో ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన తిప్పిచూడు గారైపోయారు. సాయంత్రం ఇంటికెళ్లి, అది తమ ఇల్లేనా కాదా అని వీధి చివరి దాకా వెనక్కి వెళ్లి తిప్పి చూసి గానీ లోపలికి వెళ్లరని బట్టీ మేస్త్రి వేళాకోళమాడేవాడు. ఆయనకీ తెలుసు. నవ్వి ఊరుకునేవారు.

పదకొండు నెలలు ఆయన దగ్గర నేర్చుకున్నాను. కాలేజీలో నాలుగేళ్లు నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. నేను లెక్క చేసి ఇస్తే ముందు జవాబు చూసేవారు కాదు, మార్జిన్ చూసేవారు. తి.చూ. లేకపోతే కాగితం మాట్లాడకుండా నా వైపు తోసేవారు. మొదటి రెండు నెలలూ ఆ తోయడానికి ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత ఒక్క కాగితమూ వెనక్కి రాలేదు. ఒకరోజు పెద్ద లెక్క ఒకటి తీసుకుని, మార్జిన్ చూసి, లోపల చూడకుండానే సంతకం పెట్టారు. చూడలేదేం మాస్టారూ అన్నాను. "నువ్వు టిక్కు పెట్టాక నేను చూడటం ఎందుకమ్మాయ్" అన్నారు. ఇంటికెళ్లి మా అమ్మకి నాలుగుసార్లు చెప్పాను ఆ మాట. నాకు ఏ పతకమూ అంత సంతోషం ఇవ్వలేదు.

ఆ గది ఇప్పుడు సామాన్ల గది. ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను.

జూన్ 10

ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేదు. జ్వరం అనుకుంటాను. రెండు పేజీల్లో ఇది రాయాల్సిన అవసరం లేదు.

జూన్ 12

రిటైరైన బట్టీ మేస్త్రి వచ్చాడు, బట్టీలోది ఒక ఇటుక గుర్తుగా కావాలట. ఏది కావాలో ఏరుకోమంటే తలుపు పక్కది చూపించాడు. ఇద్దరం బట్టీ ముందు బెంచీ మీద టీ తాగాం. మోకాళ్ల నొప్పులంటాడు గానీ నాలుక ఏమీ తగ్గలేదు.

మొదటి కాల్పు మాట అతనే ఎత్తాడు. అప్పట్లో మా దగ్గరున్న, వేడిని కొలిచే కన్నులాంటి పరికరం బట్టీ ఎర్రగా ఉన్నంతసేపే పనిచేసేది. ఎరుపు చల్లారాక లోపల ఎంత వేడి ఉందో లెక్క కట్టి తెలుసుకోవాల్సిందే. పాత బట్టీకి ఒక రోజు పట్టేది. కొత్తది పెద్దదైనా తేలిక ఇటుకతో కట్టినది, త్వరగా చల్లారుతుందని కట్టినవాళ్లు ఊదరగొట్టారు. అందుకే పదహారు గంటలకి తెరవొచ్చని తలుపు మీద కాగితం అంటిస్తే ఎవరికీ అనుమానం రాలేదు.

"తలుపు చెయ్యి పెట్టనీకుండా ఉందమ్మా ఆ పొద్దున. ఇంకా వేడిగా ఉంది మాస్టారూ అన్నాను. ఆయన కాగితం వంక చూసి, అమ్మాయి తిప్పి చూసింది, తెరువు అన్నారు" అన్నాడు.

నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. తర్వాత జరిగింది అతను చెప్పక్కర్లేదు. ముందు వరసలో ఒక బేసిన్ టింగుమంది. ఎవరో చెంచాతో కొట్టారనుకున్నాను. తర్వాత ఇంకొకటి, ఆపైన లోపలి వరసలన్నీ. తలుపు మళ్లీ మూసినా ఆగలేదు. మూడు వందల నలభై బేసిన్లు మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటిగా పగులుతూనే ఉన్నాయి. యజమాని వచ్చి అంతా విన్నారు. సాయంత్రం నాలుగింటికి మాస్టారు బల్ల ఖాళీ చేశారు. వెళుతూ లాగ్ పట్టికల పుస్తకం నా బల్ల మీద పెట్టారు. నాతో ఏమీ అనలేదు.

మేస్త్రి ఇంకో మాట చెప్పాడు. మాస్టారు ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెబుతారట, పదో తరగతి లెక్కల వరకే. పెద్ద పిల్లలెవరైనా లాగ్‌లు చెప్పమని వస్తే, నాకు రావు నాయనా అని పంపేస్తారట. "ఆయనకి రాకపోవడమేంటమ్మా, ఏదో పంతం" అన్నాడు. లేవబోతూ, తలుపు మీది ఆ కాగితాన్ని ఎవరు చింపుకుపోయారో ఇప్పటికీ అంతుపట్టలేదన్నాడు. నేను గ్లాసులు తీసుకుని లేచాను.

జూన్ 13

జ్వరం కాదు. జ్వరం వచ్చింది ఆ తర్వాతి వారం. ఆ రోజు బస్సు టైమయింది. ఆఖరి బస్సు పోతే నడవాలి, అందుకే తొందరపడ్డాను. అంతే జరిగింది. ఇరవై రెండేళ్ల పిల్లకి ఆ మాత్రం తొందర ఉండదా.

జూన్ 15

కాగితం నా దగ్గర ఉంది. పట్టికల పుస్తకంలో, నూట పన్నెండో పేజీ దగ్గర. ఇన్నేళ్లలో రెండుసార్లు తీసి చూశాను. ఇవాళ మూడోసారి.

అంటించిన చోట నాలుగు మూలలూ పోయాయి. అక్షరాలు నావే, ఎంత గుండ్రంగా రాసేదాన్నో. పన్నెండు వందల డిగ్రీల నుంచి తొంభై అయిదుకి దిగాలి, బయట గాలి ముప్పై. ఆ ముప్పైని రెండింట్లోంచీ తీసేసి భాగిస్తే పద్దెనిమిది. బట్టీ గంటకెంత వేగంగా చల్లారుతుందో చెప్పే కె విలువ పాయింట్ సున్నా ఎనిమిది, అది మాస్టారు స్వయంగా కొలిచి ఇచ్చినది. కాలాన్ని ఒంటరిని చేశాను, తప్పు లేదు. పద్దెనిమిదికి పట్టికలో లాగ్ తీశాను, ఒకటి పాయింట్ రెండు అయిదు అయిదు, తప్పు లేదు. దాన్ని కె తో భాగించి పదహారు గంటలన్నాను. మధ్యలో చేతులు కడుక్కోవడం మర్చిపోయాను. రెండు పాయింట్ మూడు సున్నా మూడుతో గుణించి ఉంటే ముప్పై ఆరు వచ్చేది.

మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. దాని పక్కనే, మార్జిన్‌లో, నీలం సిరాతో: తి.చూ. టిక్కు.

కింద "సరిచూసినది" అన్న చోట ఆయన సంతకం.

జూన్ 16

మా ఇంటి నుంచి ఫ్యాక్టరీకి బస్సు ఆయన వీధి మీదుగా వెళుతుంది. ఇరవై ఏళ్లుగా నేను ఒక స్టాపు ముందే దిగి చుట్టూ తిరిగి నడుస్తున్నాను. నడక ఆరోగ్యానికి మంచిదని ఇంట్లో చెప్పాను. ఆయన గేటుకి ఈ మధ్య ఆకుపచ్చ రంగు వేశారు.

జూన్ 17

మేనేజరు రెండు పేజీలు అడిగారు. రెండు రోజుల్లో ఇస్తానన్నాను.

బస్సు కూడా కాదు. రాసేస్తాను, ఇది ఎవరూ చదవరు కదా.

ఆ రోజు లెక్క నాలుగింటికి అయిపోయింది. బస్సు అయిదున్నరకి. గంటన్నర తీరిక. నేను టీ తాగాను. ప్యాకింగ్ అమ్మాయిలతో కూర్చుని ఎవరి పెళ్లిలో ఏం జరిగిందో విన్నాను. జడ విప్పి మళ్లీ వేసుకున్నాను. కాగితం బల్ల మీదే ఉంది. తిప్పి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. ఎప్పుడు చూసినా సరిపోతూనే ఉంది, ఇవాళ మాత్రం ఏం పోతుందిలే అనుకున్నాను. తి.చూ. అని రాసి టిక్కు పెట్టి ఇచ్చేశాను. ఆయన మార్జిన్ చూసి సంతకం చేశారు.

కారణమంటూ ఏదీ లేదు. తీరిక ఉంది. చెయ్యలేదు. లెక్క తప్పినందుకు సిగ్గుపడను. ఆ టిక్కు పెట్టినందుకు ముప్పై ఒక్క ఏళ్లుగా సిగ్గుపడుతున్నాను.

జూన్ 19

వెళ్లాను.

సెలవు పెట్టి పదింటికి వెళ్లాను. ముందు గదిలో పొడుగు బల్ల, రెండు బెంచీలు, గోడకి నల్లబల్ల. పిల్లలు అప్పుడే వెళ్లినట్టున్నారు, నల్లబల్ల మీద త్రిభుజం ఇంకా చెరపలేదు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని పెన్సిళ్లు చెక్కుతున్నారు. బాగా తగ్గిపోయారు, కళ్లద్దాలు మందమయ్యాయి. ఎవరని అడిగారు. నేనే మాస్టారూ అన్నాను. గొంతు విని పెన్సిలు పక్కన పెట్టారు.

"అమ్మాయ్, నువ్వా? కూర్చో కూర్చో" అన్నారు.

మంచినీళ్లు ఆయనే తెచ్చారు. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుంటున్నానంటే సంతోషపడ్డారు, నిజంగా సంతోషపడ్డారు. పిల్లల సంగతి అడిగారు, చిన్నది లాగ్‌ల దగ్గర తంటాలు పడుతోందని చెప్పాను. ఆ మాట విననట్టు కిటికీలోకి చూశారు. రెండో నంబరు కూల్చేస్తున్నారని చెప్పాను. తర్వాత నేను అడగకుండానే తన తప్పు తనే చెప్పుకోవడం మొదలుపెట్టారు. కె ని ఖాళీ బట్టీలో కొలిచారట. సరుకు నింపితే బట్టీ నిదానంగా చల్లారుతుందన్న చిన్న విషయం తట్టలేదట. సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే తట్టిందట.

"నువ్వు చేసిన లెక్క సరైనదే. నేనిచ్చిన అంకె తప్పు. నీకీ మాట చెప్పి ఉండాల్సింది, నీ తప్పనుకుని బాధపడ్డావేమో అని చాన్నాళ్లు అనుకున్నాను" అన్నారు.

ఆయన ఆ లెక్క మళ్లీ చేసి చూసుకుని ఉంటారని, నా సంగతి తెలిసే ఊరుకున్నారని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ నమ్మకం నాకు ఎంత హాయిగా ఉండేదో అక్కడ కూర్చున్నాక తెలిసింది. ఆయనకి తెలియదు. టిక్కు ఉంది గనక ఆ లైను వైపే చూడలేదు. తప్పు తన మీద వేసుకుని, లాగ్‌లు ముట్టుకోవడమే మానేశారు.

సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. కాగితం విప్పి దాని పక్కన పరిచాను.

"తిప్పి చూడండి మాస్టారూ" అన్నాను.

ముందు పుస్తకం అట్ట తడిమారు. తర్వాత పెన్సిలు తీసుకున్నారు. పదహారుని పాయింట్ సున్నా ఎనిమిదితో గుణించారు. పట్టిక తెరిచే ముందు, అలవాటు ఎక్కడికీ పోలేదు, రెండు పాయింట్ మూడు సున్నా మూడుతో భాగించారు. వేలు వరస మీద జరుపుతూ యాంటీలాగ్ పట్టుకున్నారు. రెండు నిమిషాలే పట్టింది. పదహారు గంటలకి బట్టీ లోపల ఎంత ఉంటుందో కాగితం అడుగున రాశారు: మూడు వందల యాభై అయిదు డిగ్రీలు. దాని వంక చాలాసేపు చూశారు.

"మరి ఈ టిక్కు?"

"చూడకుండా పెట్టాను. తీరిక ఉండి కూడా చూడలేదు. కాగితం తలుపు మీంచి తీసింది కూడా నేనే."

కోప్పడతారనుకున్నాను. ఆయన మొహం ముందు వెలిగింది. "అయితే నా కె తప్పు కాదు" అన్నారు. తప్పు కాదు మాస్టారూ, మీ తర్వాతి ఇంజనీరు ముప్పై ఎనిమిది గంటలు పెట్టాడు, ముప్పై ఒక్క ఏళ్లు దాంతోనే నడిచింది, నిండు బట్టీకి రెండే గంటల తేడా అని చెప్పాను. "నా కె తప్పు కాదు" అని మళ్లీ అన్నారు. ఆ మొహం నాకు తెలుసు. ఇరవై రెండేళ్లప్పుడు ఎదుటి బల్ల మీద రోజూ చూసిన మొహం.

తర్వాత అది కాస్తా ఆరిపోయింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎంతమంది పిల్లలు వచ్చారో తెలుసా. రావు నాయనా అని చెప్పి చెప్పి నిజంగానే రావనుకున్నాను" అన్నారు. నేను ఏడుస్తున్నాను. ఆయన నన్ను ఊరుకోమనలేదు. "ఇవాళ్టికి వెళ్లమ్మా" అన్నారు. అమ్మాయ్ అనలేదు.

పుస్తకం, కాగితం అక్కడే వదిలి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వీధి స్టాపులోనే బస్సెక్కాను.

జూన్ 20

ఏమీ రాయాలని లేదు.

జూన్ 22

రెండు పేజీలు రాశాను. ఆ వాక్యం ఇప్పుడిలా ఉంది: "చల్లార్చే గంటల లెక్కలో పొరపాటు చేసినది నేను. సరిచూడకుండానే చూసినట్టు గుర్తు పెట్టినదీ నేనే. ఇంజనీరు ఇచ్చిన కొలత సరైనది." అచ్చుకి ముందు మాస్టారికి చూపించమని మేస్త్రి చేతికి ఒక ప్రతి పంపాను. ఎందుకని అతను అడగలేదు. చదివే ఉంటాడు.

జూన్ 25

ప్రతి తిరిగొచ్చింది. మూడు వాక్యాల కింద, వణికే పెన్సిలుతో నాలుగోది చేర్చారు: "ఆ గుర్తును మాత్రమే చూసి, లెక్క చూడకుండా సంతకం చేసినది నేను." ఇంకేమీ లేదు. నా పేరున ఒక్క ముక్క లేదు.

మేనేజరు చదివి తల పట్టుకున్నారు. వేడుకకి వేసే పుస్తకంలో ఈ తప్పుల దండకం ఎందుకు మేడమ్, మొత్తం తీసేద్దాం అన్నారు. తీసేస్తే నా రెండు పేజీలూ తీసేయమన్నాను. చివరికి నాలుగు వాక్యాలూ ఉంచారు.

జూన్ 29

సభ అయింది. మాస్టారు రాలేదు. కళ్లు గేటు వైపే ఉన్నాయి, రారని తెలిసి కూడా. చదివినవాళ్లలో కొందరు నాతో మామూలుగానే మాట్లాడారు, ఇద్దరు మాట్లాడలేదు. మధ్యాహ్నం బట్టీ తలుపు ఊడదీశారు. లోపల గోడలు ఇంకా తెల్లగా ఉన్నాయి. ఎంత చిన్నదిగా ఉందో, అప్పుడు ఎంత పెద్దదనుకున్నామో.

జూలై 2

మాస్టారి దగ్గర్నుంచి ఫోను. "మీ చిన్నదానికి పరీక్ష ఎప్పుడు?" అని మాత్రమే అడిగారు. సోమవారమన్నాను. రేపు పొద్దున పంపమన్నారు. నేను రానా అంటే, నీకు వచ్చు కదా అన్నారు.

జూలై 3

చిన్నది ఎనిమిదింటికి వెళ్లి ఒంటి గంటకి వచ్చింది. చెప్పులు విప్పకముందే పితూరీ మొదలుపెట్టింది.

"అమ్మా, ఆయనంత మొండివాణ్ణి నేనెక్కడా చూళ్లేదు. పద్దెనిమిది లెక్కలు చేశాను. అన్నీ తిప్పి చూశాను, తి.చూ. రాశాను, టిక్కు కూడా పెట్టాను. అయినా ఒక్కటీ నమ్మలేదు. ఆ పాత పుస్తకం ముందేసుకుని అన్నీ మళ్లీ మొదటి నుంచి ఆయనే చేసుకున్నారు. నేను బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండాలి."

నోట్‌బుక్కు ఇలా తెమ్మన్నాను. ప్రతి పేజీలోనూ మార్జిన్‌లో దాని నీలం టిక్కు, ఆ పక్కనే వణుకుతున్న పెన్సిలు టిక్కు. పద్దెనిమిది లెక్కలకీ రెండేసి. ఒక్కొక్కటీ చూసుకుంటూ ఆఖరి పేజీ దాకా వెళ్లాను. అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది అంటోంది అది. ఆఖరి పేజీ అడుగున ఒక లైను రాశారు, దానికి కాదు, నాకు.

"అమ్మాయ్, ఈసారి నేనూ చూశాను."